పిల్లలకి తోడు నిలవడం ఒక పని, సంస్థని నిలదీయడం ఇంకో పని

ఒక పిల్ల, లేదా ఇప్పుడు నలభై దాటిన ఒకప్పటి పిల్ల, మీ దగ్గరికి వచ్చి "నాకు అక్కడ ఇలా జరిగింది" అని, తన మీద జరిగిన లైంగిక అకృత్యం గురించి చెప్పిందనుకోండి. అక్కడ అంటే బడి కావచ్చు, హాస్టల్ కావచ్చు, ఆటల అకాడమీ, ప్రార్థనా మందిరం, అనాథాశ్రమం, ఏదైనా. ఆ నిమిషం నుంచి మీ మీద రెండు పనులు పడతాయి: ఆ మనిషికి తోడుగా ఉండటం, ఆ సంస్థ చేత జవాబు చెప్పించడం. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

నేను మొదటిసారి ఇలాంటి విషయంలో తలదూర్చినప్పుడు, చెప్పినావిడకి ముప్పై నాలుగేళ్ళు, జరిగింది పన్నెండో ఏట. వింటుంటేనే నాకు ఒళ్ళు మండిపోయింది, ఆ రాత్రే కూర్చుని యాజమాన్యానికి మూడు పేజీల ఉత్తరం రాసి పంపేశాను, ఆవిడని ఒక్క మాట అడగకుండా. పేరు రాయలేదు కదా అని నా ధీమా. కానీ ఏ సంవత్సరం బ్యాచో రాశాను, ఏ టీచరో రాశాను, వాళ్ళకి ఆ రెండూ చాలు. నాకు జవాబివ్వలేదు, నేరుగా ఆవిడ తల్లిదండ్రులకి ఫోన్ చేశారు. వాళ్ళకి అప్పటిదాకా ఈ సంగతే తెలీదు. ఆవిడ నాతో ఎనిమిది నెలలు మాట్లాడలేదు, నాకు తగిన శాస్తే జరిగింది.

అందుకే రెండు పనుల్నీ విడదీసి చెబుతాను. మొదటి పనిలో పగ్గాలు బాధితుల చేతిలో ఉంటాయి. రెండో పనిలో బరువంతా కాగితాల మీద ఉంటుంది.

(ఒక చిన్న మాట. "బాధితురాలు" అన్న పదం కొందరికి నచ్చదు, ఇంకా ఆ గదిలోనే ఉన్నట్టు అనిపిస్తుందంటారు. వాళ్ళు తమ గురించి ఏ మాట వాడుకుంటే మీరూ అదే వాడండి. ఇంకోటి, మగపిల్లలకీ జరుగుతుంది, వాళ్ళు చెప్పడం ఇంకా కష్టం, "నువ్వు మగాడివి కదా" అనేవాళ్ళు ఎదురవుతారని వాళ్ళకి ముందే తెలుసు.)

చెప్పిన మొదటి గంట

చెప్పేది చిన్నపిల్ల అయితే మీరు పోలీసు కాదు, లాయరూ కాదు అని గుర్తుపెట్టుకోండి. "ఏం జరిగింది?" "తర్వాత?" "ఇంకా చెప్పాలనుందా?" ఈ మూడు ప్రశ్నలు దాటి వెళ్ళకండి. "ఆయన నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?" లాంటిది అడిగారంటే జవాబు మీరు అందించినట్టే, రేపు కోర్టులో డిఫెన్స్ లాయరు మొట్టమొదట పట్టుకునేది దాన్నే. అమెరికాలో మెక్‌మార్టిన్ అనే ప్రీస్కూల్ కేసు 1983లో మొదలై 1990లో ఒక్క శిక్ష కూడా పడకుండా ముగిసింది. పిల్లల్ని అడగాల్సిన తీరులో అడగకుండా, పదే పదే జవాబులు నోటికి అందించి అడగడం దానికి ఒక ముఖ్య కారణం. అక్కడ అసలు ఏం జరిగిందో ఇక ఎవరూ తేల్చలేరు. పిల్లల్ని ఎలా ప్రశ్నించాలో ప్రత్యేకంగా నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, ఆ పని వాళ్ళకి వదిలేయండి.

విన్నాక ఏం అనాలి? "నువ్వు చెప్పావు, మంచి పని చేశావు. తప్పు నీది కాదు." అంతే. "ముందే ఎందుకు చెప్పలేదు" అని మాత్రం ఏ వయసు వాళ్ళనీ అడగకండి. ఆస్ట్రేలియాలో సంస్థల్లో పిల్లల మీద జరిగిన లైంగిక అకృత్యాలపై రాయల్ కమిషన్ ఒకటి 2013 నుంచి 2017 దాకా పనిచేసింది, ఎనిమిది వేల మందికి పైగా బాధితులు కమిషనర్లతో విడివిడిగా కూర్చుని చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నవాళ్ళు మొదటిసారి ఎవరికైనా నోరు విప్పడానికి సగటున దాదాపు 24 ఏళ్ళు పట్టింది. ఆలస్యం అనుమానించాల్సిన విషయం కాదు, ఈ నేరం తీరే అంత.

"ఎవరికీ చెప్పనులే" అని మాటివ్వకండి. పిల్లలు ఆ మాట మీద ఆధారపడి చెబుతారు, మీరేమో చట్టం ప్రకారం చెప్పి తీరాలి, అప్పుడు వాళ్ళు నమ్మిన రెండో పెద్దమనిషి కూడా మోసం చేసినట్టవుతుంది. "నీకు సాయం చేయగలిగిన వాళ్ళకి మాత్రమే చెబుతాను, చెప్పేముందు నీకు చెబుతాను" అనండి.

వాళ్ళు వెళ్ళగానే వాళ్ళు వాడిన మాటల్నే రాసి పెట్టుకోండి. పిల్ల "చెడ్డ ఆట" అంటే మీరు దాన్ని "లైంగిక దాడి" అని మార్చి రాయకండి. తేదీ, టైము, ఎక్కడ, పక్కన ఎవరున్నారు, మీరు ఏం అడిగారు, అన్నీ. ఇది పది నిమిషాల పని, కానీ రెండేళ్ళ తర్వాత ఇంతకు మించిన ఆస్తి మీ దగ్గర ఉండదు.

ఘటన ఈ మధ్యే జరిగుంటే ఆసుపత్రి విషయంలో గంటలు లెక్క. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. సాక్ష్యం కూడా మొదటి మూడు రోజుల్లోనే బాగా దొరుకుతుంది. వీలైతే పరీక్ష అయ్యేదాకా స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి, వాటిని ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో తేమ పట్టి ఆనవాళ్ళు పాడవుతాయి. ఈలోపే స్నానం అయిపోయిందా, అయినా సరే తీసుకెళ్ళండి. పరీక్షలో "గాయాలు లేవు" అని వస్తే గుండె జారిపోకండి. పిల్లల విషయంలో ఎక్కువ కేసుల్లో అలాగే వస్తుంది, దాని అర్థం ఏమీ జరగలేదని కాదు. సంస్థ తరఫువాళ్ళు ఆ కాగితం ఊపుకుంటూ తిరుగుతారు, మీరు మాత్రం కంగారుపడకండి.

ఫిర్యాదు గేటు బయట

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. ప్రిన్సిపాల్‌కో, ట్రస్టీకో, మతపెద్దకో చెప్పి, ఫిర్యాదు చేశామనుకుంటారు. కాదు. అది సంస్థకి సర్దుకునే టైము ఇవ్వడం. ఫిర్యాదంటే పోలీసులకో, పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగానికో చేసేది, రసీదు చేతికొచ్చేది.

చికిత్స పేరుతో ఆడపిల్లల మీద లైంగిక దాడులు చేసిన అమెరికా జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ ఉదంతం చూడండి. 2015 జూన్‌లో ఆ క్రీడా సంస్థకి విషయం తెలిసింది. సొంతంగా ఒక విచారణ జరుపుకుని, ఎఫ్‌బీఐకి చెప్పేసరికి అయిదు వారాలు గడిచాయి. చెప్పాక ఎఫ్‌బీఐ ఏం చేసింది? ఏడాది పాటు దాదాపు ఏమీ చేయలేదు, ఆ ఏడాదీ నాసర్ పిల్లల్ని చూస్తూనే ఉన్నాడు. 2021లో అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఈ నిర్లక్ష్యాన్ని రిపోర్టు రాసి బయటపెట్టాడు, 2024లో ఆ శాఖ బాధితులకి 138.7 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది: బయట ఫిర్యాదు చేయాలి, చేశాక కూడా నిద్రపోకూడదు. ఎవరితో మాట్లాడారు, ఏ తేదీన, కేసు నంబరెంత, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు, ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో ఎక్కాలి. ఫోన్లో చెప్పిన ప్రతిదాన్నీ అదే రోజు మెయిల్లో తిరిగి పంపండి, "ఇవాళ మీరు చెప్పింది ఇదీ, తప్పుంటే సరిచేయండి" అని.

తప్పనిసరిగా ఫిర్యాదు చేయాల్సింది ఎవరన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల టీచర్లు, డాక్టర్ల లాంటి వృత్తులవాళ్ళకే ఆ బాధ్యత. భారతదేశంలో పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా చెప్పాల్సిందే. చెప్పకపోతే సెక్షన్ 21 కింద శిక్ష ఉంది, సంస్థకి ఇన్‌చార్జిగా ఉండి తన కింది ఉద్యోగి చేసినదాన్ని దాచిపెడితే ఏడాది దాకా జైలు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ళకి సెక్షన్ 19లోనే రక్షణ కూడా ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు ఈ సెక్షన్ నంబర్లు నోటికి వచ్చి ఉండటం చాలా పనిచేస్తుంది, గదిలో గాలి మారిపోతుంది.

ఇప్పుడు పెద్దవాళ్ళైన బాధితుల సంగతి వేరే. ఫిర్యాదు చేయాలా వద్దా, ఎప్పుడు, ఎవరి దగ్గర, ఇవన్నీ వాళ్ళు తేల్చుకోవాలి. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ మనిషి ఇంకా అక్కడే పిల్లల మధ్య ఉంటే? ఆవిడ వద్దంటోంది, అక్కడ ఇంకో పిల్ల ఉండొచ్చు. దీనికి నా దగ్గర సూత్రం లేదు. నేను చేసేదల్లా, వివరాలు చెప్పకముందే "నువ్వు పేరు చెబితే, అతను ఇంకా పిల్లల దగ్గర ఉన్నాడని తెలిస్తే, నేను చెప్పకుండా ఉండలేకపోవచ్చు" అని ముందే చెప్పడం. కొందరు అక్కడ ఆగిపోతారు. ఆగిపోనివ్వండి. చాలామంది కొన్నాళ్ళకి మళ్ళీ వస్తారు.

తోడు ఉండటం అంటే నిజంగా చేసే పని

వినడానికి పెద్దగా ఉంటుంది కానీ ఇది చిన్న చిన్న పనుల మూట. స్టేషన్‌కి వెంట వెళ్ళడం, నీళ్ళ సీసా, ఫోన్ ఛార్జరు, వాయిదా పడిందని తెలిసి తిరిగొచ్చేటప్పుడు బండిలో ఏమీ మాట్లాడకుండా కూర్చోవడం. కోర్టు గదిని ముందురోజే ఒకసారి చూపించి రావడం, నిందితుడు ఏ దారిలో వస్తాడు, మనం ఏ దారిలో వెళ్ళాలి అని కనుక్కోవడం. ఇవి చేసేవాళ్ళు ఉంటే సాక్ష్యం చెప్పేవాళ్ళు నిలబడతారు.

బాధితులని ఎక్కువగా విరిచేది ఒకే కథని పదిమంది దగ్గర పదిసార్లు చెప్పడం. దీన్ని తగ్గించడానికే 1985లో అలబామాలోని హంట్స్‌విల్‌లో ఒక జిల్లా ప్రాసిక్యూటర్ పిల్లల కోసం ఒక కేంద్రం పెట్టాడు, పోలీసు, డాక్టరు, కౌన్సెలరు పిల్లల దగ్గరికి వస్తారు, పిల్లలు వాళ్ళ చుట్టూ తిరగరు. 1998లో ఐస్‌లాండ్‌లో వచ్చిన బార్నాహుస్ కూడా అదే ఆలోచన, అక్కణ్ణుంచి యూరప్‌లో చాలా దేశాలకి పాకింది. మీ దగ్గర అలాంటిది ఉందేమో కనుక్కోండి. లేకపోయినా ఉన్న చట్టంలో ఎంత వెసులుబాటు ఉందో చూడండి. పోక్సోలో పిల్లల వాంగ్మూలం వాళ్ళ ఇంట్లోనో, వాళ్ళు కోరినచోటో తీసుకోవాలి, తీసుకునే అధికారి యూనిఫారంలో ఉండకూడదు, కోర్టులో దూకుడుగా ప్రశ్నించనివ్వకూడదు, మాటిమాటికీ పిలిపించకూడదు. కాగితం మీద ఉన్నవి అడిగితే తప్ప నడవవు. అడిగే మనిషి మీరే.

గుర్తింపు విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. పేరు తీసేస్తే సరిపోదు. తరగతి, సంవత్సరం, ఆట, తండ్రి ఉద్యోగం, ఇందులో ఏ రెండు కలిసినా తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది. పోక్సో సెక్షన్ 23 మీడియాలో పేరొక్కటే కాదు, ఫొటో, ఇల్లు, బడి, కుటుంబం వివరాలు కూడా రాకూడదంటుంది, బడి పేరు కూడా ఆ జాబితాలో ఉందని చాలామందికి తెలీదు. గ్రూపుల్లో ఆవేశంగా ఫార్వర్డ్ చేసేవాళ్ళు దీన్ని రోజూ తొక్కేస్తారు, మంచి ఉద్దేశంతోనే.

అనుమతి అనేది కూడా ఒకసారి తీసుకుని జేబులో పెట్టుకునేది కాదు. లాయరుకి చెప్పమన్నారంటే విలేకరికి చెప్పమన్నట్టు కాదు. పోయిన నెల సరేనన్నది ఈ నెల వద్దనొచ్చు. ప్రతి కాగితం పంపేముందు చూపించండి. విసుగ్గా ఉంటుంది, టైము పడుతుంది, అయినా.

సంస్థని అడగాల్సిన ప్రశ్న ఒకటే

ఎవరు చేశారన్నది పోలీసులు, కోర్టు తేలుస్తారు. మీరు సంస్థని అడగాల్సింది వేరే: ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు? ఈ ప్రశ్న పట్టుకుంటే "ఒక చెడ్డవాడు చేశాడు, వాణ్ణి తీసేశాం, అయిపోయింది" అనే దారి మూసుకుపోతుంది.

బోస్టన్‌లో 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టింది కేవలం పిల్లల్ని చెరిచిన ఒక మతగురువు కథ అయితే ఆ మతగురువుతోనే ముగిసేది. వాళ్ళు పట్టుకున్నది పైవాళ్ళకి తెలిసి కూడా ఆయన్ని ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మార్చుకుంటూ పోయారన్న సంగతి. దానికి ఆధారం సంస్థ సొంత ఫైళ్ళే, కోర్టుకి వెళ్ళి సీలు తీయించినవి. ఆ ఏడాది డిసెంబరులో అక్కడి కేథలిక్ చర్చి అధిపతి కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేయాల్సొచ్చింది.

కాబట్టి ఒక తేదీల పట్టిక మొదలుపెట్టండి. ఎడమవైపు తేదీ, పక్కన ఏం జరిగింది, ఎవరికి తెలుసు, దానికి ఆధారం ఏ కాగితం. ఆధారం లేని వరుసల్ని చెరిపేయకండి, ఖాళీగా ఉంచండి. ఆ ఖాళీలే మీరు వెతకాల్సినవి. ఆ మనిషి ఎప్పుడు చేరాడు, అంతకుముందు ఎక్కడ చేశాడు, ఎందుకు మానేశాడు, ఎవరు సిఫార్సు చేశారు, మధ్యలో ఉన్నట్టుండి వేరే శాఖకి ఎందుకు మార్చారు. గుట్టుగా రాజీనామా చేయించి, మంచి సర్టిఫికెట్ ఇచ్చి ఇంకో బడి మీదకి తోసేయడం ఎంత మామూలైపోయిందంటే అమెరికాలో దీన్ని వాడుకలో "చెత్తని పక్కింటికి తోయడం" లాంటి మాటతో పిలుస్తారు, 2015లో దాన్ని అడ్డుకోవడానికి ఫెడరల్ చట్టంలో ఒక సెక్షనే పెట్టారు.

కాగితాలు మాయమయ్యే ముందు ఒక ఉత్తరం వెళ్ళాలి, లాయరు చేత అయితే మంచిది: సీసీ కెమెరా రికార్డులు, హాజరు పట్టీలు, మెయిళ్ళు, వాట్సాప్ గ్రూపులు, మీటింగు మినిట్స్, ఫిర్యాదుల రిజిస్టరు, ఏదీ చెరపకూడదు, చెరిపితే సాక్ష్యం నాశనం చేసినట్టే లెక్క అని. కెమెరా రికార్డు చాలాచోట్ల కొన్ని వారాల్లోనే దానంతటదే చెరిగిపోతుంది, ఈ ఉత్తరం ఆలస్యమైతే ఇక దాని గురించి మర్చిపోవడమే. ప్రభుత్వ సంస్థ అయితే సమాచార హక్కు లాంటి చట్టాలు వాడండి. ఘటన జరిగిన ఏడాదికి అమల్లో ఉన్న నియమావళి అడగండి, ఇప్పటిది కాదు. కొత్తది చూపించి "మా దగ్గర అన్నీ పక్కాగా ఉన్నాయి" అనడం పాత ఎత్తు.

కాగితం బలం ఏమిటో చూడాలంటే నాసర్ మీద మొదట పేరు పెట్టి బహిరంగంగా మాట్లాడిన రేచల్ డెన్‌హాలండర్‌ని చూడండి. 2016లో ఆవిడ, నాసర్ పనిచేసే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పోలీసుల దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్ళలేదు. తన పాత వైద్య రికార్డులు, తాను చాలా ఏళ్ళ కిందటే ఈ విషయం చెప్పినట్టు ఒక నర్సు రాసి పెట్టుకున్న నోట్, ఆ "చికిత్స" అసలు ఎలా ఉండాలో చెప్పే వైద్య పత్రికల వ్యాసాలు, అన్నీ ఫైలు కట్టి తీసుకెళ్ళింది. 2018 జనవరిలో శిక్ష వేసేముందు ఏడు రోజుల పాటు 156 మంది కోర్టులో తమ మాట వినిపించారు. ఆ ఏడాదే మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ 500 మిలియన్ డాలర్లకి రాజీకొచ్చింది. ప్రతి బాధితురాలూ ఇలా ఫైలు కట్టుకు రావాలని నేననను, అది అన్యాయం. ఫైలు కట్టడం మన పని.

వాళ్ళ ఉత్తరాలు చదవడం నేర్చుకోండి

2018 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ (నేరారోపణల్ని పరిశీలించే పౌరుల బృందం) ఒక రిపోర్టు ఇచ్చింది, ఆరు కేథలిక్ డయోసిస్‌లలో, అంటే ఒక్కో బిషప్ కిందుండే ప్రాంతాల్లో, ఆరోపణలున్న మతగురువులు మూడు వందలకి పైగా, బాధిత పిల్లలు వెయ్యికి పైగా. నాకు అందులో బాగా పనికొచ్చింది అంకెలు కాదు. దాచిపెట్టడానికి ఎలాంటి భాష వాడారో వాళ్ళు వరసగా రాశారు. అత్యాచారం అని ఎక్కడా రాయరు, "అనుచితమైన స్పర్శ", "హద్దుల సమస్య" అని రాస్తారు. మనిషిని తీసేస్తే ఎందుకు తీసేశారో జనానికి చెప్పరు, అనారోగ్య సెలవు అంటారు. మీకు వచ్చే ఉత్తరంలో "దురదృష్టకర సంఘటన", "అపార్థం", "కొందరు విద్యార్థులు అసౌకర్యానికి గురయ్యారు", "పిల్లల భవిష్యత్తు దృష్ట్యా" లాంటివి కనబడితే కింద గీత గీయండి. మీ జవాబులో ఆ మాటని వాడకుండా, చట్టంలో ఉన్న నేరం పేరు వాడండి. వాళ్ళ పదం మీరు ఒక్కసారి వాడారంటే అదే రికార్డయిపోతుంది.

ఇంకో పాత నాటకం ఉంది. మొదట జరగలేదంటారు, తర్వాత చెప్పినవాళ్ళ మీద బురద చల్లుతారు, చివరికి తామే బాధితులమంటారు, "వందేళ్ళ సంస్థ పరువు తీస్తున్నారు" అని. జెన్నిఫర్ ఫ్రెయిడ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1997లో దీనికి డార్వో అని పేరు పెట్టింది. ఇది వస్తుందని బాధితులకి ముందే చెప్పి ఉంచితే, వచ్చినప్పుడు "ఇదుగో రెండో అంకం" అని నవ్వగలుగుతారు, నిజంగానే, నేను చూశాను. చెప్పకపోతే కూలిపోతారు.

సంస్థ "మేమే స్వయంగా విచారణ కమిటీ వేశాం" అంటే సంతోషపడకముందు కొన్ని అడగండి. కమిటీని ఎవరు ఎంచారు? డబ్బు ఎవరిస్తున్నారు? రిపోర్టు మొత్తం బయటపెడతారా, సారాంశమేనా? విచారణ చేసేది సంస్థ లాయరేనా? అదైతే రేపు "ఇది లాయరుకీ క్లయింటుకీ మధ్య రహస్యం" అని రిపోర్టు బీరువాలో పెట్టేయొచ్చు. పిల్లల మీద లైంగిక అకృత్యాలపై ఇంగ్లండ్, వేల్స్‌లకి సంబంధించి 2014లో ప్రకటించిన పెద్ద విచారణకి మొదట నియమించిన ఇద్దరు అధ్యక్షులూ పెద్దల వర్గానికి దగ్గరివాళ్ళని బాధితులు అభ్యంతరం చెప్పడంతో తప్పుకున్నారు. మూడో ఆవిడ 2016లో రాజీనామా చేసింది. నాలుగో అధ్యక్షురాలు అలెక్సిస్ జే 2022 అక్టోబరులో తుది రిపోర్టు ఇచ్చింది. ఎనిమిదేళ్ళు పట్టింది నిజమే, కానీ నమ్మకం లేని మనిషి చేతికి ఇవ్వడానికి బాధితులు ఒప్పుకోకపోవడం వృథా పట్టుదల కాదు.

డబ్బు, సంతకం, గడువు

కేసు వేయాలంటే అసలు ఎవరి మీద వేయాలి? నవ్వకండి, దీని మీదే ఓడిపోయినవాళ్ళున్నారు. ఆస్ట్రేలియాలో జాన్ ఎల్లిస్ అనే బాధితుడు చర్చి మీద వేసిన కేసులో 2007లో కోర్టు, చర్చికి చట్టం దృష్టిలో ఒక వ్యక్తిత్వం లేదు, ఆస్తులున్న ట్రస్టు మీద ఈ బాధ్యత పడదు అంది. ఆ లొసుగుకి ఆయన పేరే స్థిరపడిపోయింది, విక్టోరియా రాష్ట్రం 2018లో ప్రత్యేకంగా చట్టం చేసి దాన్ని మూసింది. మీ సంస్థ సొసైటీయా, ట్రస్టా, కంపెనీయా, భవనం ఎవరి పేర ఉంది, జీతాలు ఏ ఖాతా నుంచి వెళ్తాయి, ఇవి మొదట్లోనే తేల్చుకోండి. బీమా ఉందా అని కూడా. సంస్థ క్షమాపణ చెప్పకుండా గమ్మున ఉండటం వెనక చాలాసార్లు బీమా కంపెనీ లాయరు ఉంటాడు.

కేసు వేయడానికి గడువులు దేశానికొకటి, కొన్నిచోట్ల రాష్ట్రానికొకటి, అవి మారుతుంటాయి కూడా. న్యూయార్క్ రాష్ట్రం 2019లో చట్టం మార్చి, గడువు దాటిపోయిన పాత కేసులకి కూడా ఆ ఆగస్టు నుంచి తలుపు తెరిచింది, 2021 ఆగస్టు దాకా ఉంచింది. ఎవరో ఎప్పుడో "ఇక లాభం లేదు" అన్నారని ఊరుకోకుండా, ఇవాళ్టి చట్టం ఏమిటో ఈ కేసులు చూసే లాయరుని అడగండి. సంస్థ ఇప్పించిన లాయరుని కాదు.

రాజీ పత్రం వస్తే నోరు కట్టేసే షరతు కోసం వెతకండి. ఐర్లండ్‌లో 2002 చట్టం కింద పెట్టిన పరిహార బోర్డు దగ్గర డబ్బు తీసుకున్నవాళ్ళు ఆ వివరాలు ప్రచురిస్తే నేరం అని చట్టంలోనే రాశారు, చిన్నప్పుడు నోరు నొక్కించుకున్నవాళ్ళకి మళ్ళీ అదే. బాధితులు రాజీ చేసుకుంటే మీరు లోపల నిరాశపడొచ్చు, బయటికి మాత్రం కనబడనివ్వకండి, కరెంటు బిల్లు కట్టాల్సింది వాళ్ళు. కానీ డబ్బు మొత్తం రహస్యంగా ఉంచడం వేరు, జరిగిన సంగతి రహస్యంగా ఉంచడం వేరు. మొదటిదానికి ఒప్పుకోవచ్చు. రెండోదాన్ని కొట్టేయమని లాయరుకి చెప్పండి.

బయట గొంతెత్తడం

ఒకరు మాట్లాడితే ఇంకొందరు వస్తారు, ఎక్కడ చూసినా ఇదే జరిగింది. వచ్చినవాళ్ళని ఒకచోట కూర్చోబెట్టి వివరాలు కలబోసుకోనివ్వకండి, రేపు "అందరూ కలిసి అల్లారు" అంటారు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవచ్చు, జరిగినదాని వివరాలు మాత్రం ఎవరివి వాళ్ళు పోలీసుకో లాయరుకో చెప్పాలి.

విలేకరిని ఎంచుకునేటప్పుడు పాత వార్తలు చదవండి, పిల్లల గురించి ఎలా రాశాడో చూడండి. సోషల్ మీడియాలో మనిషి పేరు పెట్టి "నేరస్థుడు" అని మీరు రాస్తే పరువు నష్టం కేసు మీ మీదే పడుతుంది, ఇక సంస్థకి కాకుండా మీకు లాయరు ఖర్చు మొదలవుతుంది. కాగితం ఉన్నంతే రాయండి: "ఫలానా తేదీన యాజమాన్యానికి ఫిర్యాదు అందింది, పోలీసులకి చెప్పింది ఫలానా తేదీన, మధ్యలో ఇన్ని రోజులు." ఒక్క విశేషణం అక్కర్లేదు, చదివినవాళ్ళకే ఒళ్ళు మండుతుంది.

డిమాండ్లు కూడా అలాగే ఉండాలి. "పిల్లలకి రక్షణ కల్పించాలి" అంటే వాళ్ళు సంతోషంగా ఒప్పుకుని ఒక పోస్టరు అతికిస్తారు. ఏ పెద్దా ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, చేరేముందు పాత యజమానులకి ఫోన్ చేసి అడిగిన రికార్డు ఉండాలి, ఫిర్యాదు వస్తే 24 గంటల్లో పోలీసులకి చెప్పాలి, చెప్పనివాళ్ళ మీద పేరుపేరునా చర్య ఉండాలి. అమెరికాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో పిల్లల్ని చెరిచిన కోచ్ శాండస్కీకి 2012లో శిక్ష పడింది, దానితో ఆగలేదు, యూనివర్సిటీ మాజీ అధ్యక్షుడు గ్రాహమ్ స్పానియర్ మీద కూడా పిల్లల్ని ప్రమాదంలో పడేసిన నేరం 2017లో రుజువైంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఒంటికి తగలాలి. అప్పుడే పక్క సంస్థవాళ్ళు తమ ఫైళ్ళు తీసి చూసుకుంటారు.

మీ సంగతి కూడా ఒక ముక్క. ఇవి వింటూ ఉంటే నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్ళ మీద అరుస్తారు, ప్రతి టీచరూ దొంగలాగే కనబడతాడు. మీకో మాట్లాడే మనిషి ఉండాలి, ఆ మనిషి బాధితురాలు కాకూడదు.

ఇక నేను మొదట చెప్పినావిడ. ఎనిమిది నెలల తర్వాత తనే ఫోన్ చేసి, ఒకే షరతు పెట్టింది, తను చదవని కాగితం ఏదీ వెళ్ళకూడదని. ఈసారి ఉత్తరం ఒకటే పేజీ, అయిదు ప్రశ్నలు, జవాబుకి 21 రోజుల గడువు. 22వ రోజు జవాబు లేదు. అదే ఉత్తరాన్ని ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ పంపాం, పైన ఒక వాక్యం మాత్రం కలిపి: "ఈ ప్రశ్నలు మొదటిసారి అడిగిన తేదీ ఇది, ఇవాళ్టికి 22 రోజులు." కాపీ వాళ్ళ పై బోర్డుకీ, పిల్లల రక్షణ విభాగానికీ వెళ్ళింది. మూడోసారి పంపేటప్పుడు ఆ అంకె 44 అయింది, కాపీల జాబితాలో ఇంకో రెండు పేర్లు చేరాయి. ఆ అంకె ఎంత వెయ్యాలో ఆవిడే లెక్కపెట్టి చెప్పేది.